మరునాటి కనికరం

మంచి సమరయుని ఉపమానం మీద ప్రసంగం వినని క్రైస్తవులు మన తెలుగు సంఘాలలో ఎవరూ ఉండరు. సండేస్కూల్లో బొమ్మలతో మొదలయ్యే ఆ కథ ఆసుపత్రి వార్షికోత్సవాలలోనూ, ఎన్నికల ముందు నాయకులు మందిరానికి వచ్చిన ఆదివారాలలోనూ మళ్లీ మళ్లీ వినిపిస్తూనే ఉంటుంది. యెరూషలేము నుండి యెరికోకు దిగిపోతున్న మనిషిని దొంగలు కొట్టి కొనఊపిరితో వదిలేయడం, యాజకుడూ లేవీయుడూ చూసి ప్రక్కగా పోవడం, యూదులు తమతో కలుపుకోని సమరయుడు ఆగి, నూనె, ద్రాక్షారసం పోసి గాయాలకు కట్టు కట్టి పూటకూళ్ల ఇంటికి చేర్చడం అందరికీ కంఠతా వచ్చు. ప్రసంగీకులు కూడా చాలావరకు అక్కడే ఆగి, మీరూ అలా చేయండని చెప్పి ముగిస్తారు. నాకు మాత్రం ఆ కథలో అన్నిటికంటే విలువైన మాట ఆ తరువాత వచ్చే వచనంలో ఉన్నదని అనిపిస్తుంది.

మరునాడు ఆ సమరయుడు రెండు దేనారాలు తీసి పూటకూళ్లవాని చేతిలో పెట్టి, ఇతన్ని చూసుకో, ఇంకేమైనా ఖర్చయితే నేను తిరిగి వచ్చేటప్పుడు తీరుస్తాను అని చెప్పాడని లూకా 10వ అధ్యాయంలో ఉన్నది. ద్రాక్షతోట కూలీల ఉపమానాన్ని బట్టి చూస్తే ఒక దేనారం ఒక కూలివాని దినకూలి, అంటే అతడు ఇచ్చింది రెండు రోజుల కూలి. దారిలో కనిపించిన దెబ్బలకు జాలిపడి ఆగడం ఆ క్షణంలో మనసు చేసే పని. రాత్రంతా కనిపెట్టుకొని ఉండి, ప్రొద్దున్నే లెక్క చూసుకొని, తన ప్రయాణం తాను మానుకోకుండా, తాను లేనప్పుడు కూడా ఆ రోగికి అన్నం, మంచం దొరికేటట్లు ఒకరికి అప్పగించి వెళ్లడానికి మనసు ఒక్కటే చాలదు. తిరుగు ప్రయాణంలో మళ్లీ ఆ ఇంటి ముందు ఆగవలసి ఉంటుందని తెలిసే అతడు మాట ఇచ్చాడు. పూటకూళ్లవాడు ఖర్చు ఎక్కువ చేసి చూపిస్తాడేమోనన్న అనుమానం అతనికి కలగలేదని ఎవరూ చెప్పలేదు, అయినా మాట ఇచ్చాడు. సంసారాలు, ఉద్యోగాలు, ఈఎంఐలు ఉన్న మనవంటివాళ్లకు సాధ్యమయ్యే కనికరం ఇదేనని నా నమ్మకం. అన్నీ వదులుకొని సేవకు వెళ్లిన మహనీయుల కథలు వింటే మనకు కన్నీళ్లు వస్తాయి గాని, మరునాడు ఏం చేయాలో తెలియదు.

మాది గుంటూరు, మా ఇంట్లో మూడు తరాలుగా లూథరన్ సంఘస్థులు. మా స్త్రీల సమాజం తరఫున మేము కొందరం పెద్దాసుపత్రికి రోగులను చూడడానికి వెళ్తూ ఉంటాము. మొదట్లో మాది అందరూ చేసే పద్ధతే. పాలు, బ్రెడ్డు ప్యాకెట్లు, రెండు అరటిపండ్లు కవర్లో పెట్టి మంచం మంచానికీ ఇచ్చి, ఒక చిన్న ప్రార్థన చేసి, వచ్చేసేవాళ్లం. ఆ బ్రెడ్డుకు విలువ లేదని నేను అనను. అయితే పల్నాడు పల్లెల నుంచి, ప్రకాశం మెట్ట ప్రాంతం నుంచి మనిషిని తీసుకొని వచ్చి వార్డులో దిగినవాళ్ల అవసరాలు కవర్లో పట్టేవి కావని తెలియడానికి ఎక్కువ కాలం పట్టలేదు. రోగికి ఆసుపత్రి భోజనం వస్తుంది. వెంట వచ్చిన మనిషికి కూడా అన్న క్యాంటీన్‌లో ఐదు రూపాయలకు భోజనం దొరుకుతుంది. చిక్కంతా ఆ క్యాంటీన్ దాకా వెళ్లి రావడంలోనే ఉన్నది, ఎందుకంటే మంచం దగ్గర ఆమె తప్ప వేరే దిక్కు ఉండదు.

ఒక తల్లి నాకు బాగా గుర్తున్నది. కొడుక్కి పొట్ట ఆపరేషన్ అయ్యింది, ముక్కులో గొట్టం, చేతికి సెలైన్. ఆమె మంచం కింద పరచుకున్న చాప మీద కూర్చొని, తల వెనక్కి వంచి, సీసాలో నీళ్లు ఎంతవరకు దిగాయో కళ్లప్పగించి చూస్తున్నది. మేము కవరు ఇస్తే తీసుకొని పక్కన పెట్టింది గాని విప్పలేదు. మా సమాజంలో ఒక పెద్దావిడ, జిల్లా పరిషత్తు బడిలో పని చేసి రిటైరైన మనిషి, ఆమె పక్కన చాప మీదే కూలబడి, "ఏమ్మా, అన్నం తిన్నావా?" అని అడిగింది. తినలేదట. ఎందుకమ్మా అంటే, సీసా అయిపోతే నర్సమ్మను పిలవాలి కదా, నేను కిందికి పోయిన సమయానికి అయిపోతే ఎట్లా అన్నది. ఆ భయంతోనే స్నానానికి కూడా పోలేదు, కట్టుకొని వచ్చిన చీరతోనే ఉన్నది. "నేను ఇక్కడ కూర్చుంటాను, సీసా సంగతి నాకు తెలుసు, నువ్వు పోయి స్నానం చేసి, అన్నం తిని రా" అని పెద్దావిడ అంటే, ఆమె మొదట నమ్మలేదు. మీరెవరు, ఎందుకు కూర్చుంటారు, డబ్బులేమైనా అడుగుతారా అన్నట్లు మా మొహాలు చూసింది. చివరకు పక్క మంచం వాళ్లు "ఫర్వాలేదు పోమ్మా, చర్చి వాళ్లు" అన్న తరువాత సంచీలోంచి వేరే చీర తీసుకొని వెళ్లింది. తిరిగి వచ్చేటప్పటికి జుట్టు తడిగా ఉన్నది, ఉతికిన చీర పిండి భుజాన వేసుకొని వచ్చింది. ఆ రోజు మేము పెద్దగా ప్రార్థన చేసింది లేదు, ఆమె అడిగితే చేశాము.

అప్పటి నుంచి మా పని తీరు మారింది. ఇప్పుడు మేము ఎక్కువగా చేసేది కూర్చోవడమే. రిపోర్టు తీసుకురావడానికి కింది అంతస్తుకు వెళ్లాలి, రక్తం యూనిట్ కోసం బ్లడ్ బ్యాంకు దగ్గర నిలబడాలి, ఇంగ్లీషులో ఉన్న డిశ్చార్జి కాగితంలో ఏ మాత్ర ఎప్పుడు వేసుకోవాలో తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి ఇవ్వాలి, ఫోన్ చార్జింగ్ అయిపోయి ఊళ్లో భర్తతో మాట్లాడలేకపోతున్న మనిషికి ఒక ఫోను ఇవ్వాలి. ఇవన్నీ ప్రసంగాలలోకి ఎక్కే పనులు కావు. యువజనుల సమాజం పిల్లలు బ్లడ్ గ్రూపుల వారీగా పేర్లు రాసి వాట్సాప్‌లో పెట్టుకున్నారు. అర్ధరాత్రి కబురు వచ్చినా ఎవరో ఒకరు బండి తీస్తారు. వాళ్ల మీద మా పెద్దవాళ్లకు ఉన్న ఫిర్యాదులన్నీ, అంటే ఆదివారం ఆలస్యంగా వస్తారని, కీర్తనలు పాడరని, గిటార్లు మోగిస్తారని చేసేవన్నీ, ఆ ఒక్క జాబితా ముందు నాకు చాలా చిన్నవిగా కనబడతాయి.

రోగి పక్కనున్న మనిషికి తల దాచుకునే చోటు కావాలన్న ఆలోచన మా ఊరికి కొత్త కాదు. అమెరికా నుంచి 1883లో గుంటూరు వచ్చిన లూథరన్ డాక్టరు అన్నా సారా కుగ్లర్ ఇళ్లలోకి వెళ్లి స్త్రీలకు వైద్యం చేయడంతో మొదలుపెట్టి, 1898 నాటికి స్త్రీల కోసం, పిల్లల కోసం ఆసుపత్రి కట్టించింది. ఇప్పటికీ పాతవాళ్లు దానిని కుగ్లర్ ఆసుపత్రి అనే అంటారు. ఆ ఆసుపత్రికి వచ్చే హిందూ రోగుల కుటుంబాలు తమ ఆచారం ప్రకారం వండుకొని, ఉండడానికి వీలుగా ఏలూరు రాజా ఒక సత్రం కట్టించి ఇచ్చారు. క్రైస్తవ వైద్యురాలు వైద్యం చేస్తే, రోగుల బంధువుల కోసం హిందూ జమీందారు సత్రం కట్టించడం నాకు ఎన్నిసార్లు తలుచుకున్నా ముచ్చటగా ఉంటుంది. నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లి కుష్ఠువ్యాధి ఆసుపత్రి విషయంలో కూడా ఇటువంటిదే జరిగింది. డాక్టరు ఇసబెల్ కెర్, ఆమె భర్త ఆ పని తలపెట్టినప్పుడు రాజా నర్సాగౌడ్ లక్ష రూపాయలు ఇచ్చారు. ఆ రోజుల్లో లక్ష అంటే ఎంతో నేను లెక్క కట్టబోను. క్రైస్తవుల సేవ అని మనం గర్వంగా చెప్పుకునే చాలా పనులలో ఇతర మతాల వారి చేతులు ఉన్నాయని గుర్తు పెట్టుకుంటే, మన గొంతు కొంచెం తగ్గుతుంది. తగ్గడం మంచిదే.

సాయం చేసే చోట మతం మాట ఎంతవరకు రావచ్చు అనేది మా సమాజంలో ఎప్పుడూ తేలని చర్చ. కరపత్రాలు పంచకపోతే మనం వెళ్లి ప్రయోజనమేమిటని అడిగేవాళ్లు ఉన్నారు. వాళ్ల ఉద్దేశం చెడ్డది కాదు. తమకు దొరికిన నిరీక్షణ ఎదుటి మనిషికీ దొరకాలన్న ఆశతోనే అంటారు. వాళ్లకు నేను ఒంగోలు కథ చెబుతాను. 1876 నుంచి 1878 వరకు దక్షిణాదిని పీల్చి పిప్పి చేసిన కరువులో, ఒంగోలులో ఉన్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లవ్ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడు మైళ్లకు పైగా కాంట్రాక్టు తీసుకున్నాడు. మిషనరీ కాకముందు సర్వేయరుగా పని నేర్చిన మనిషి కాబట్టి కొలతలు, మట్టి లెక్కలు అతనికి తెలుసు. ఆకలితో వచ్చిన వేలమందికి పలుగు, గంప ఇచ్చి, చేసిన పనికి కూలి ఇచ్చాడు. బోధకులనే పని మీద మేస్త్రీలుగా పెట్టాడు. సాయంత్రాలు వాళ్లు చెప్పేది విని ఎందరో బాప్తిస్మం అడిగారు. అడిగినవారికి ఇవ్వడం ఏ మిషనరీకైనా సంతోషమే కదా. క్లవ్ మాత్రం కరువు పని నడుస్తున్నంతకాలం, సుమారు 15 నెలలపాటు, బాప్తిస్మాలు ఆపివేశాడు. అన్నం కోసం వచ్చారన్న మాట వాళ్ల మీద పడకూడదని, అన్నానికీ విశ్వాసానికీ ముడి పడకూడదని ఆయన ఉద్దేశం. సాయం ఆగి, పంటలు మళ్లీ మొదలైన తరువాత, 1878 జూలై 3న, ఒంగోలుకు కొద్ది మైళ్ల దూరంలో వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒకే రోజున 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఇచ్చిన ఆరుగురూ తెలుగు బోధకులే.

ఆ సంఖ్యను మన సంఘ చరిత్రలు పెద్ద అక్షరాలతో రాసుకున్నాయి, రాసుకోవలసిందే. నా దృష్టిలో మాత్రం అంతకంటే పెద్ద విషయం ఆ ముందటి 15 నెలలు. చేతిలో అన్నం ఉన్నవాడు, ఎదుటివాడు తనంతట తానే అడుగుతున్నా, ఇప్పుడు కాదు అనగలిగాడు. వార్డులో మంచం మీద ఉన్న మనిషి మన కరపత్రాన్ని వద్దనలేడు, లేచి పోలేడు, మనం తెచ్చిన పాలు తాగాడు కాబట్టి మొహమాటపడతాడు. ఆ మొహమాటాన్ని వాడుకోవడం నాకు నచ్చదు. అతడు కోలుకొని, తన ఇంటి అరుగు మీద కూర్చొని, వద్దు అనగలిగిన స్థితిలో ఉన్నప్పుడు మన విశ్వాసం గురించి అడిగితే, చెప్పడానికి నాకు సిగ్గేమీ లేదు.

బైబిలులో పేదల గురించి ఉన్న ఆజ్ఞలను శ్రద్ధగా చదివితే, అవి మన భావోద్వేగాల మీద పెద్దగా ఆశ పెట్టుకోలేదని తెలుస్తుంది. పొలం అంచులు పూర్తిగా కోయవద్దు, రాలిన పరిగె ఏరుకోవద్దు, అవి బీదలకూ పరదేశులకూ విడిచిపెట్టు అని లేవీయకాండము 19వ అధ్యాయం చెబుతుంది. కూలివాని కూలి ప్రొద్దుగుంకక ముందే ఇవ్వమని ద్వితీయోపదేశకాండము చెబుతుంది. ఎదురుగా ఎవరూ చేయి చాపకముందే, విత్తనం వేసిననాడే, ఆ అంచు వాళ్లదని తీర్మానమైపోయింది. పరదేశి విధవరాలు రూతు కథలో, ఆమె పరిగె ఏరుకొనే పొలం యజమాని బోయజు ఇంకో అడుగు ముందుకు వేస్తాడు. పనివాళ్లను పిలిచి, ఆమె ఏరుకోవడానికి వీలుగా పనల్లోంచి కొన్ని కావాలనే జారవిడవండి, ఆమెను గద్దించకండి అంటాడు. పిలిచి ఒక గంప ధాన్యం చేతిలో పెడితే సులువుగా అయిపోయేది. ఆమె ఏరుకొన్న యవలు ఆమె కష్టార్జితంగా అత్తగారి ముందు పోసుకోవాలని అతడు అనుకున్నాడు కాబట్టి అట్లా చేశాడు. క్లవ్ గంప, పలుగు ఇవ్వడంలోనూ ఇదే మర్యాద నాకు కనిపిస్తుంది.

మా అమ్మ ఈ వచనాల మీద వ్యాఖ్యానం చేయగలిగినంత చదువుకోలేదు. ఆమె పొయ్యి పక్కన ఒక మట్టి ముంత ఉండేది. రెండు పూటలా ఎసట్లో పోయడానికి బియ్యం కొలిచి, కడగబోయే ముందు, ఆ కొలిచిన బియ్యంలోంచే ఒక పిడికెడు తీసి ముంతలో వేసేది. డబ్బాలోంచి వేరుగా తీసేది కాదు. అది ఆమె పట్టింపు. డబ్బాలోంచి తీస్తే మన కంచంలో తగ్గదు, కొలిచినదాంట్లోంచి తీస్తే ఆ పూట ఇంటిల్లిపాదికీ ఒక ముద్ద తగ్గుతుంది, ఆ తగ్గినదే కానుక అనేది. ఆదివారం నాడు ముంతలోని బియ్యం గుడ్డసంచిలో పోసి మందిరానికి తీసుకుపోయేవాళ్లం. అట్లా అందరి ఇళ్లనుంచి వచ్చిన పిడికెడు బియ్యం సంఘంలోని ముసలివాళ్ల ఇళ్లకు, మగదిక్కు లేని ఇళ్లకు చేరేది. మిజోరంలో ప్రెస్బిటేరియన్ సంఘాల స్త్రీలు 1910 నుంచి ఇదే పద్ధతిని బుహ్‌ఫాయ్ థామ్ అన్న పేరుతో నడుపుతూ, దానితోనే ఎంతో పరిచర్య సాగిస్తున్నారు. ఇప్పుడు మా ఇళ్లలో ముంతలు లేవు. ఫోన్‌పేలో నెలకు ఒకసారి సంఘం ఖాతాకు పంపేస్తాము. లెక్కకు అదే ఎక్కువ. కాకపోతే వంట చేసే ప్రతి పూటా, ఎవరో ఆకలితో ఉన్నారన్న సంగతి చేతికి తగిలేది, అది పోయింది. నేను మళ్లీ ముంత పెట్టాను. మా కోడలు నవ్వుతూనే, తను వండిన రోజున తనే వేస్తున్నది.

"మీ కోసం ప్రార్థన చేస్తాం" అన్న మాట గురించి కూడా చెప్పాలి. అది మనలో చాలా తేలికగా వచ్చే మాట అయిపోయింది. బట్టలు లేనివారిని, ఆ నాటి తిండి లేనివారిని చూసి, సమాధానంగా వెళ్లండి, చలి కాచుకోండి, తృప్తిపొందండి అని చెప్పి ఏమీ ఇవ్వకపోతే ఏమి ప్రయోజనమని యాకోబు తన పత్రికలో నిలదీశాడు. ఈ మాట పట్టుకొని ప్రార్థననే ఎగతాళి చేసేవారితో నేను ఏకీభవించను. మా పెద్దావిడ దగ్గర ఒక లాంగ్ నోటుబుక్కు ఉన్నది. వార్డులో కలిసిన వాళ్ల పేరు, ఊరు, జబ్బు అందులో రాసుకొని, తెల్లవారుజామున ఒక్కొక్క పేరూ చదివి ప్రార్థన చేస్తుంది. చదువుతున్నప్పుడే, ఇతనికి కుట్లు విప్పే రోజు వచ్చిందే, ఈమెకు ఈ వారం చెకప్ ఉందే అని గుర్తుకు వస్తుంది, ప్రార్థన అయిన తరువాత ఫోను చేస్తుంది. పేరు పెట్టి రోజూ ప్రార్థించిన మనిషిని మరిచిపోవడం కష్టం. సమరయుడు తిరుగు ప్రయాణంలో ఆగుతానన్నట్లుగానే ఆవిడ ఆ పుస్తకాన్ని వాడుకుంటున్నది.

ఫోటోల సంగతి వేరే చెప్పాలా? కుడిచెయ్యి చేసేది ఎడమచేతికి తెలియకూడదన్న ప్రభువు మాట కింద, దుప్పటి అందుకుంటున్న ముసలమ్మ ఫోటో పెట్టి, చుట్టూ పది మంది దాతలు కెమెరా వైపు చూస్తున్న బ్యానర్ నేను కళ్లారా చూశాను. చందాలు ఇచ్చేవారికి లెక్క చూపించాలి కదా అంటారు. చూపించండి, రసీదులు చూపించండి. ఆ ముసలమ్మ మొహం రసీదు కాదు. మా జట్టులో ఈ ఒక్క విషయం మీద మాత్రం ఓటింగ్ లేకుండా నియమం పెట్టాము, వార్డులోకి వెళ్లాక ఫోను సంచీలోంచి తీయడం అవతలి మనిషి ఊరికి మాట్లాడడానికి మాత్రమే.

ఆసుపత్రిలో ఇంత చేసి, ఇంటికి వచ్చి పనిమనిషి జ్వరంతో నాలుగు రోజులు మానితే జీతం కోసే వాళ్లు మాలోనే ఉన్నారు. పక్క పేటలోని సంఘంలో ఎవరైనా చనిపోతే, వాళ్లు మన కులం కాదని సమాధుల తోటలో వేరే వైపు చూపించే పెద్దలు ఉన్నారు, ఆ పెద్దలే క్రిస్మస్ ప్రేమవిందులో అందరూ ఒక్కటేనని మాట్లాడతారు. దీని మీద రాయవలసింది చాలా ఉన్నది, అది వేరే సందర్భంలో రాస్తాను. ఇక్కడ ఒక్కటి మాత్రం అంటాను. తెలియని రోగి మీద కనికరపడడం సులభం, అతడు వారంలో డిశ్చార్జి అయి వెళ్లిపోతాడు. పనిమనిషి రేపు కూడా వస్తుంది, ఆమెకు ఈ నెల ఇచ్చింది వచ్చే నెల కూడా ఇవ్వాలి. మా సమాజంలో సెలవు జీతం సంగతి ఎత్తినప్పుడు, బ్రెడ్డు ప్యాకెట్లకు ఉదారంగా చందా ఇచ్చిన చేతులు కొన్ని ఒడిలోకి వెళ్లిపోయాయి. ఆ మాట మళ్లీ ఎత్తుతాను.

ప్రస్తుతానికి మా వంతుల పట్టిక ఆడవాళ్ల వార్డుకు పగటిపూట నిండుగానే ఉన్నది. ఉదయం అన్నం వేళకు ఇద్దరు, సాయంత్రం ఇద్దరు. మగవాళ్ల వార్డులో భర్త పక్కన, కొడుకు పక్కన ఒంటరిగా ఉన్న ఆడవాళ్లకు రాత్రిళ్లు కాస్త నిద్ర దొరకాలంటే, అక్కడ కూర్చోవడానికి మా సంఘంలోని మగవాళ్లు రావాలి. సంఘ పెద్దల కూటంలో రెండుసార్లు అడిగాము. ఆలోచిస్తామన్నారు.